రాజుగారింట కేవియర్

రాజుగారు పోయారని రత్నం ఫోను చేసి చెప్పింది. ఆయన ఇంట్లో పాతికేళ్ళుగా వంట చేస్తున్న మనిషి. "ఆయ్, పొద్దున్న కాఫీ అడిగారండి. నేను కలిపి పట్టికెళ్ళేసరికి లేరండి," అంది. రెండు రోజులకు పత్రికలో ఫొటో వచ్చింది. ఆదర్శ ఆక్వా రైతు అనీ, గుడి గోపురానికి విరాళమిచ్చిన దాత అనీ రాశారు. గోపురం విరాళం ఆయన తమ్ముడిది. ఆయన గుడికి వెళ్ళగా నేనెప్పుడూ చూడలేదు. చేప గుడ్లు ఎలా తినాలో ఆయనకు తెలిసినట్టు మా వైపు ఇంకెవరికీ తెలియదన్న సంగతి మాత్రం ఎవరూ రాయలేదు.

ఆయన పేరు నేనూ రాయను. భీమవరం బజార్లో నిలబడి "రాజుగారూ" అని పిలిస్తే పదిమంది వెనక్కి తిరుగుతారు. ఆ పదిమందిలో ఒకరనుకోండి, చాలు.

పన్నెండేళ్ళ కిందట పెళ్ళి విందుల మీద నేనొక వ్యాసం రాశాను. విస్తట్లో అరవై రకాలు పెట్టి యాభై రకాలు పెంట మీద పోయించడం ఆతిథ్యం కాదు, ఆస్తుల ఊరేగింపు అన్నాను. ఆ ఊపులోనే చివర ఒక వాక్యం కలిపాను: విదేశాల్లో డబ్బున్నవాళ్ళు కేవియర్ అని చెంచాడు చేప గుడ్లకు ఒక కూలివాడి నెల జీతం పోస్తారు, అదీ ఈ రోగమే అని. అప్పటికి కేవియర్ ఏ రంగులో ఉంటుందో కూడా నాకు తెలియదు. వ్యాసం అచ్చయిన మూడో రోజున ఫోను మోగింది.

"ఏవండీ, రాజమండ్రి మేడం గారేనా? మీ వ్యాసం చదివానండి. బావుంది. ఆఖరి వాక్యం మాత్రం దొంగ వాక్యం."

"దొంగ వాక్యం ఏంటండీ?"

"మీరు తిన్నారా అది?"

"తినక్కర్లేదు. విషం తిని చూశాకే విషమనాలా?"

"ఎవరో ఒకరు చూశాకే కదండి దానికా పేరొచ్చింది? దేవుణ్ణి చూసినవాడు ఎదురుపడితే చెప్పమని మీరే రాస్తారు. చూడకుండా పొగడ్డం తప్పయితే చూడకుండా తిట్టడం ఎలా ఒప్పవుద్దండి? ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. తిని తిట్టండి."

మా నాన్న సంస్కరణ సభల మనిషి. మా ఇంట్లో వాదనలో ఓడినవాళ్ళు ఓడిపోయామని పైకి చెప్పాకే అన్నానికి కూర్చోవాలి. అలా పెరిగినదాన్ని కాబట్టి ఓడిపోయానని ఫోనులోనే చెప్పి, ఆదివారం భీమవరం రైలెక్కాను.

ఆయన ఇల్లు మొగల్తూరు వైపు వెళ్ళే దారిలో, చెరువుల మధ్య ఉంది. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, రత్నం, పెద్ద భోజనాల బల్ల. నేను వెళ్ళేసరికి ఆయన లుంగీ మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని, రొయ్యల పెట్టెల్లో పోసే ఐసు గడ్డను గుడ్డలో చుట్టి కర్రతో కొడుతున్నారు. కొట్టిన ఐసు ఇత్తడి పళ్ళెంలో పోసి, అరచేతిలో పట్టేంత డబ్బాను దాని మధ్య కూర్చోబెట్టారు.

మొదటి డబ్బా సంగతి ఆ రోజే విన్నాను. రొయ్యలు కొనడానికి వచ్చిన విదేశీ వ్యాపారి ఎవరో కానుకగా ఇచ్చి వెళ్ళాడట. రాజుగారు దాన్ని వంటింట్లో పెట్టి చెరువు మీదికి వెళ్ళారు.

"మూత తీస్తే నల్లగా ఉన్నాయండి," అంది రత్నం గుమ్మంలోంచి. "ఆవాలు నానబెట్టారేమో అనుకున్నాను. వాసన చూస్తే చేప. ఓహో, జన అనుకున్నానండి." చేప కడుపులోని గుడ్లను మా వైపు జన అంటారు. "ఉల్లిపాయలు తరిగి, పచ్చిమిరపకాయలు చీరి వేపేశానండి. ఇంతున్నదల్లా ఇంతయిపోయింది."

"ఎలా ఉంది?" అని అడిగాను.

"ఒట్టి ఉప్పండి. అయ్యగారు మాత్రం మూకుడు నాకేశారు."

"నాకడం కాదే తల్లీ, అది ఏడవడం," అన్నారు రాజుగారు. "దూరం నుంచి చూశావు, తేడా తెలీలేదు నీకు."

ఆ తర్వాత డబ్బాలు తెలిసినవాళ్ళ ద్వారా తెప్పించుకునేవారు, ఏడాదికి మూడో నాలుగో. ఒంటరిగా ఎప్పుడూ తెరవలేదు. నలుగురు వచ్చి కూర్చున్నాకే మూత తీసేవారు. తీశాక డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "ముక్కు కాపలావాడు, నాలుక ఇంటాయన. కాపలావాడు ఒప్పుకోకుండా ఇంటాయన తలుపు తీయకూడదు," అనేవారు. అది ఆయన సొంత సామెత. ప్రతిసారీ అనేవారు, ప్రతిసారీ మొదటిసారి అంటున్నట్టే అనేవారు.

తర్వాత అందర్నీ చెయ్యి చాపమనేవారు. అరచెయ్యి కాదు, వెనక వైపు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చదును మీద శనగగింజంత మేర గుడ్లు పెట్టేవారు. ఒంటి వేడికి అవి కొంచెం మెత్తబడ్డాక నోట్లో వేసుకుని, నమలకుండా నాలుకతో అంగిటికి నొక్కమనేవారు.

"తీర్థం పుచ్చుకున్నట్టుందండీ," అన్నాను ఆ మొదటి రోజున, కొంత వెక్కిరింతగానే.

"తీర్థం బాగోలేదని ఎప్పుడైనా ఎవరైనా అన్నారా? అనకూడదు. దీన్ని అనొచ్చు. అదేనమ్మా తేడా."

అప్పటికే పిలుపులో మేడం గారు పోయి అమ్మా వచ్చింది. నోట్లో గుడ్లు చిట్లాయి. మొదట సముద్రం, తర్వాత వెన్న, చివర జీడిపప్పు లాంటిదేదో. నచ్చిందని చెప్పాను. ధర విషయంలో నా వాక్యం నిలబడుతుందని కూడా చెప్పాను. "ధర సంగతి ఒప్పుకున్నాను. రోగమన్న మాట వెనక్కి తీసుకో," అన్నారు. మరుసటి నెల వ్యాసంలో తీసుకున్నాను.

నేను ఆయన బల్ల దగ్గరికి పదేపదే వెళ్ళడానికి కారణం తిండి ఒక్కటే కాదు. ఒక విషయాన్ని అంత నిజాయితీగా పరీక్షించే మనిషిని నేను సభల్లో చూడలేదు. కేవియర్‌కు లోహపు చెంచా తగలకూడదని అంటారు. అందుకని ఆయన ఆల్చిప్పలతో వడ్డించేవారు. మన ఇళ్ళల్లో మామిడికాయల చెక్కు తీసే ఆల్చిప్పలే, అంచు నూరి నున్నగా చేయించినవి. "ఇది నమ్మకమా, నిజమా?" అని అడిగాను ఒకసారి. వెంటనే నా కళ్ళకు తుండుగుడ్డ కట్టించి, వెండి, స్టీలు, ఆల్చిప్ప మూడింటితో మార్చి మార్చి పెట్టారు. తర్వాత ఆయన కట్టించుకున్నారు. వెండితో పెట్టినది ఇద్దరం ప్రతిసారీ పట్టుకున్నాం. స్టీలుకీ ఆల్చిప్పకీ తేడా ఇద్దరికీ తెలియలేదు.

"అయితే స్టీలు వాడొచ్చన్నమాట," అన్నాను.

"వాడొచ్చు. నేను ఆల్చిప్పే వాడతాను, చూడ్డానికి బావుంటదని. రుచి కోసమని మాత్రం ఇంక ఎవరికీ చెప్పను."

అప్పటినుంచి చెప్పలేదు.

దేనితో తినాలన్న దాని మీద ఆయన ఏళ్ళ తరబడి పని చేశారు. దాన్ని జత కుదర్చడం అనేవారు. "జాతకాలు చూడకుండా నేను కుదిర్చే సంబంధాలు ఇవే," అని నన్ను చూసి నవ్వేవారు. ఇడ్లీ పులుపు ఒప్పలేదు. పెసరట్టు తన వాసనతో దీన్ని మింగేసింది. ఉడికించిన బంగాళాదుంప బాగానే ఉంది గానీ, దుంప పెడితే అతిథికి పత్యం పెట్టినట్టుంటుందని ఆయనకు నామోషీ. చివరికి దిబ్బరొట్టె దగ్గర ఆగారు. నిప్పుల మీద కాలిన పైపెచ్చు తీసేసి, లోపలి మెత్తని భాగాన్ని పలచగా కోసి, దాని మీద గుడ్డలో కట్టి నీరు దించిన గేదె పెరుగు రాసి, ఆ పైన గుడ్లు. రెండో జత పూతరేకు. నెయ్యీ పంచదారా పెట్టని ఒట్టి రేకు, బియ్యప్పిండి పొర. మధ్యలో గుడ్లు పెట్టి మడిచి ఇస్తే రేకు నోట్లో మాయమై గుడ్లు మాత్రం మిగిలేవి. తాగడానికి పెరుగు మీద తేరిన తేట, ఐసులో పెట్టి. మగవాళ్ళకి పొద్దున్న దించిన తాటికల్లు కూడా ఉండేది. మగవాళ్ళకేనా అని అడిగాక నాకూ వచ్చింది.

ఎండాకాలంలో ముంజెలతో పెట్టేవారు. "ముంజెకి సొంత అభిప్రాయం లేదమ్మా. ఏది పక్కన పెడితే దానికి సర్దుకుపోద్ది. అందుకే మంచి జత," అన్నారు ఒకసారి.

"పెళ్ళిళ్ళ పేరయ్యలు అమ్మాయిల గురించి సరిగ్గా ఇదే అంటారండి," అన్నాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ముంజెలు మానలేదు గానీ ఆ మాట మళ్ళీ అనలేదు.

ఆయనకున్న బాధ ఒక్కటే. తిన్నవాళ్ళెవరూ నిజం చెప్పేవారు కాదు. మా గోదావరి వాళ్ళం వడ్డించడంలో ఎంత మొండివాళ్ళమో పొగడడంలోనూ అంతే. నోట్లో ముద్ద పడకముందే "అద్భుతం అండి" అనేస్తాం. ఆయన బల్ల దగ్గర ఆ మాటను నిషేధించారు. దానితో జనం "అమోఘం" అనడం మొదలుపెట్టారు. పక్క ఊరి రైస్‌మిల్లు ఆసామి ఒకాయన మాత్రం తన వంతు గుడ్లు తీసుకుని వేడన్నంలో ముద్దపప్పూ నెయ్యీతో కలిపేసుకున్నాడు.

"ఎలా ఉందయ్యా?"

"పప్పులో ఉప్పు తగ్గిందండి. సరిపోయింది."

రాజుగారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. "నిజం మాట్లాడాడు. ఈయన్ని ప్రతిసారీ పిలుస్తాను," అన్నారు. పిలిచారు కూడా.

కరోనా వచ్చిన రెండో ఏడు ఆయనకు జ్వరం తగిలింది. భీమవరంలో ఒక డాక్టరు గారు పన్నెండు రోజులు కాచుకుని బతికించారు. లేచి తిరుగుతున్నా నెలల తరబడి భోజనానికి పిలవలేదు. ఏమైందోనని చూడ్డానికి వెళితే చెరువు గట్టు మీదికి తీసుకువెళ్ళారు. చెరువులో గాలి కొట్టే చక్రాలు తిరుగుతున్నాయి.

"చెరువు అడుగున మట్టి కుళ్ళితే, ఈ మలుపు దగ్గరే పట్టేసేవాణ్ణమ్మా, ముక్కుతో. ఇప్పుడు కుర్రాళ్ళు సీసాలో నీళ్ళు ముంచి మందు చుక్కలేసి రంగు చూసి చెబుతున్నారు."

"వాసన తెలియడం లేదా?"

"వాసనా లేదు, రుచీ లేదు. ఉప్పని తెలుస్తది, పులుపని తెలుస్తది. అంతే. ఎనిమిది నెలలైంది. రత్నానికి కూడా చెప్పలేదు."

తిరిగి వస్తుందని ఓదార్చబోయాను. చేత్తో ఆపారు.

"రాకపోతే ఏంటన్నది ఆలోచించాలి. బల్ల మానేస్తే నాకింకేం లేదమ్మా. మానకపోతే, నేను పెట్టేది ఏంటో నాకే తెలీదు. ఇన్నాళ్ళూ ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా బతికాను. ఇప్పుడు ఒకరి మాట నమ్మాలి. వచ్చినవాళ్ళంతా అద్భుతం అంటారు. నువ్వు సభలో మంత్రి కూర్చున్నా మొహమ్మీదే అనేస్తావు. మొదట నీ చేతి మీద పెడతాను. బావుంటే బావుందను. తేడా ఉంటే వద్దను. ఒక్క మాట చాలు."

ఒప్పుకున్నాను. గర్వపడ్డానని కూడా రాయాలి. నిజం చెబుతుందన్న పేరు కోసమే ఇన్నేళ్ళు రాశాను. ఆ పేరు ఒకరికి పనికొచ్చింది.

ఏడాదికి పైగా అలాగే నడిచింది. ఆయన మునుపటిలాగే డబ్బా ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. కాపలావాడి సామెత చెప్పేవారు. తర్వాత నా చేతి మీద పెట్టి నా మొహం చూసేవారు. ఒకసారి గుడ్లు జిగురుగా తగిలి, "వద్దండి," అన్నాను. అదేదో హాస్యమన్నట్టు గట్టిగా నవ్వి, డబ్బా పక్కన పెట్టేసి, కొరమీను వేపుడు తెమ్మన్నారు. ఆ రోజు ఆయన నన్ను స్టేషను దాకా కారులో దింపి, "హాయిగా ఉందమ్మా," అన్నారు.

తర్వాత వానాకాలంలో ఒక గాలివానకు రోజున్నర కరెంటు పోయింది. జనరేటరు చెరువు చక్రాలకు పెట్టారు. ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయింది. వానలకు ముందే పిలిచిన భోజనం ఆ ఆదివారానికి ఉంది. అది ఆయనను బతికించిన డాక్టరు గారి కోసం. డాక్టరు గారు, ఆయన భార్య, మిల్లు ఆసామి, నేను. డబ్బా ఐసు మీద మామూలుగానే చల్లగా కూర్చుంది. అది మధ్యలో ఎంతసేపు వెచ్చబడిందో ఐసు చెప్పదు.

"వీరు లేకపోతే ఈ డబ్బా మూత తీసేవాడే లేడండి," అన్నారు రాజుగారు మాతో. డాక్టరు గారు సిగ్గుపడ్డారు. ఆయన భార్య ఫోనులో ఫొటో తీసుకుంది. రాజుగారు మూత తీశారు, కళ్ళు మూసుకున్నారు, సామెత చెప్పారు. నా చేతి మీద పెట్టారు.

నోటి దాకా తీసుకెళ్ళక్కర్లేకపోయింది. పుల్లటి కుళ్ళు వాసన. అయినా నోట్లో వేసుకున్నాను. గుడ్లు చిట్లలేదు, ముద్దలా జారాయి. తలెత్తితే రాజుగారు నా మొహం చూస్తున్నారు. పక్కన డాక్టరు గారు చెయ్యి చాపి, వెనక్కి తిప్పి, తన వంతు కోసం చూస్తున్నారు.

"బావుందండి," అన్నాను.

ఎందుకన్నానని ఆ తర్వాత చాలా కారణాలు వెతుక్కున్నాను. అన్నీ ఒక దాని తర్వాత ఒకటి అబద్ధాలుగా తేలాయి. అన్నాను, అంతే.

డాక్టరు గారు తిని, ఒక క్షణం ఆగి, "అద్భుతం అండి," అన్నారు. ఆయన భార్య చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. మిల్లు ఆసామి తన చేతిని చూసుకుని, నన్ను చూసి, మింగేశాడు. రాజుగారి మొహం వెలిగిపోతోంది. డాక్టరు గారికి మారు వడ్డించబోయారు.

అప్పుడు దిబ్బరొట్టె పళ్ళెంతో రత్నం వచ్చింది. బల్లకు నాలుగు అడుగుల దూరంలో ఆగిపోయింది.

"ఏంటండీ ఈ కంపు?" పళ్ళెం దింపి, డబ్బా తీసి వాసన చూసింది. "పాడైపోయిందండి ఇది! ఇంతమంది కూర్చున్నారు, ఒక్కరూ చెప్పలేదా అండి?"

డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. రాజుగారు డాక్టరు గారికి క్షమాపణ చెప్పి, తనకు వాసన పోయిన సంగతి అందరి ముందూ చెప్పేశారు. రెండేళ్ళ నుంచి అని లెక్క కూడా చెప్పారు. తర్వాత అందరికీ కొసరి కొసరి చేపల పులుసు వడ్డించారు. అందరూ తిన్నారు.

వాళ్ళు వెళ్ళాక వరండాలో కూర్చున్నాం.

"ఎందుకమ్మా?"

"మీకు ప్రాణం పోసిన మనిషి ముందు మిమ్మల్ని చిన్నబుచ్చడం ఇష్టం లేక."

"గట్టు మీద నిన్ను నేనేం అడిగాను? మర్యాద అడిగానా?"

"లేదండి."

"అది నాకు ఊరంతా పెడుతుంది, అడక్కుండా. వాళ్ళు తిన్నది నన్ను చూసి కాదు. నువ్వు బావుందన్నావని తిన్నారు."

నేను ఏదో వాదించబోయాను. ఒక్కసారికి ఏమైందని, ఎవరికీ ఏమీ కాలేదు కదా అని. ఆయన ఓపికగా వింటుంటే నా మాటలు నాకే వినిపించాయి. ఆపేశాను. ఓడిపోయానని పైకి చెప్పాను. "సర్లేమ్మా, రైలు టైమవుతోంది," అన్నారు. డాక్టరు గారికి మర్నాడంతా కడుపులో బాగోలేదని తర్వాత రత్నం చెప్పింది.

చలికాలం మొదట్లో మళ్ళీ పిలిచారు. పిలుస్తారనుకోలేదు. అదే ఆఖరిసారి అని అప్పుడు తెలియదు. డాక్టరు దంపతులు వచ్చారు, మిల్లు ఆసామి వచ్చాడు. బల్లకు మరో కుర్చీ చేర్చి ఉంది.

"రత్నం, వచ్చి కూర్చో," అన్నారు రాజుగారు.

"కూర్చుంటే నాకు నాలుక పని చేయదండి. నిలబడే చూస్తాను," అంది రత్నం.

చెయ్యి తుడుచుకుని వెనక్కి తిప్పి చాపింది. పన్నెండేళ్ళలో ఆ చేతి మీద ఒక్క గుడ్డూ పడలేదన్న సంగతి, సహపంక్తి భోజనాల మీద పుస్తకం రాసిన నాకు అప్పుడు తట్టింది. రాజుగారు పెట్టారు. రత్నం వాసన చూసింది, నోట్లో వేసుకుంది, కళ్ళు చిట్లించింది.

"ఉప్పెక్కువండి," అంది. "పాడవ్వలేదు. పెట్టొచ్చు."

"అదీ!" అన్నారు రాజుగారు.

తర్వాత బల్ల చుట్టూ వడ్డిస్తూ వచ్చారు. డాక్టరు గారి దగ్గర ఆగి, "ఉన్నమాట చెప్పండి, ఎలా ఉంది?" అని అడిగారు. ఆయన కాస్త తటపటాయించి, ఉప్పు సంగతి నిజమేనని ఒప్పుకున్నారు. డాక్టరు గారి భార్యను అడిగారు. తనకు ఇది ఎప్పటికీ నచ్చదేమో అంది ఆవిడ, భయంభయంగా. ఆయన పొంగిపోయారు. మిల్లు ఆసామిని అడిగారు. నా దగ్గరికి వచ్చి, అందరికంటే ఒక పిసరు ఎక్కువే పెట్టి, "తినమ్మా," అని నవ్వుతూ ముందుకు వెళ్ళిపోయారు. రెండోసారి రేకులో మడిచి ఇచ్చారు, మూడోసారి దిబ్బరొట్టె ముక్క మీద. ప్రతిసారీ నా పక్కన కూర్చున్నవాళ్ళను అడిగారు. నన్ను అడగలేదు.

ఆ రోజు అది నిజంగా చాలా బావుంది.